న్యాయ గ్రంథాలయం – మనకేం పనికొస్తుంది?

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇలాంటి సభల్లో వక్తలు సాధారణంగా కష్టపడి చదవమని, తల్లిదండ్రులను మరవవద్దని చెబుతారు. రెండూ మంచి మాటలే. నేను మాత్రం నా వృత్తికి సంబంధించిన విషయం ఒకటి చెప్పదలచుకున్నాను. ఉద్యోగ జీవితమంతా నేను చట్టం పుస్తకాల మధ్య గడిపాను. వకీలును కాను, లైబ్రేరియన్‌ను. వచ్చినవారికి కావలసిన పుస్తకం తీసి ఇవ్వడం నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను. మన కుటుంబాల్లో చట్టం పుస్తకం అనగానే భయపడతారు, లేదా అది వకీళ్ల సొత్తు అనుకుంటారు. గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని మనవాళ్లు ఊరికే అనలేదు. కోర్టుకు వెళ్లకుండా ఉండాలంటే కూడా చట్టంలో ఏముందో ముందుగా తెలియాలి కదా! ఆ తెలుసుకునే చోటే న్యాయ గ్రంథాలయం.

గ్రంథాలయాలు తెలుగువారికి కొత్త కాదు. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటి పెద్దలు ఊరూరా పుస్తకశాలలు పెట్టించారు. 1948లో మద్రాసు రాష్ట్రం చేసిన ప్రజా గ్రంథాలయాల చట్టం వెనుక ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషి ఉంది. ఆ తరువాత మైసూరు రాష్ట్రంలో 1965లో, మహారాష్ట్రలో 1967లో, ఒడిశాలో 2001లో అటువంటి చట్టాలే వచ్చాయి. అంటే మనం స్థిరపడిన ఈ రాష్ట్రాల్లో ప్రభుత్వ గ్రంథాలయం దయాధర్మం కింద నడిచేది కాదు, చట్టం ప్రకారం ఏర్పడినది. దానిలోకి వెళ్లడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

లోపల ఏముంటుంది?

న్యాయ గ్రంథాలయంలో ఎన్ని వేల పుస్తకాలున్నా అవి ముఖ్యంగా నాలుగు రకాలు. ఈ నాలుగూ గుర్తుపెట్టుకుంటే బీరువాల మధ్య దారి తప్పరు.

మొదటిది చట్టం పాఠం. వ్యాఖ్యానం లేకుండా చట్టాన్ని మాత్రమే అచ్చువేసిన పుస్తకాన్ని బేర్ యాక్ట్ అంటారు. సన్నగా ఉంటుంది, ధర తక్కువ. ఏ విషయానికైనా మొదట చూడవలసింది ఇదే.

రెండవది గెజిట్. చట్టం చేసినా, సవరించినా, అమలు తేదీ ప్రకటించినా అది గెజిట్‌లో అచ్చవుతుంది. చట్టం ఆమోదం పొందిన రోజు వేరు, అమలులోకి వచ్చిన రోజు వేరు. భారతీయ న్యాయ సంహితకు 2023 డిసెంబరు 25న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అది అమలులోకి వచ్చింది 2024 జులై 1న. ఈ రెండు తేదీల మధ్య జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది.

మూడవది తీర్పుల సంపుటాలు. వీటిని లా రిపోర్టులు అంటారు. ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు సంపుటాలు 1876 నుంచి ఉన్నాయి. మద్రాసు లా జర్నల్ 1891లో మొదలైంది. నాగపూర్ నుంచి వచ్చే ఆల్ ఇండియా రిపోర్టర్‌ను ఏ.ఐ.ఆర్. అంటారు. సుప్రీంకోర్టు కేసెస్ అనే పత్రికను ఎస్.సి.సి. అంటారు.

నాలుగవది వ్యాఖ్యాన గ్రంథాలు, న్యాయ నిఘంటువులు, దస్తావేజుల నమూనాల పుస్తకాలు. వ్యాఖ్యానాలు విషయం అర్థం కావడానికి చాలా ఉపయోగపడతాయి. కాని అవి రచయిత అభిప్రాయాలు. అవే చట్టం కావు.

తీర్పులను వెతికే పద్ధతి ఒకటి చెబుతాను. (1990) 3 ఎస్.సి.సి. 130 అని ఎక్కడైనా కనిపిస్తే బెదరవద్దు. 1990 సంవత్సరం, మూడవ సంపుటం, 130వ పేజీ అని దాని అర్థం. ఇది ఇంటి చిరునామా లాంటిది. 2023 నుంచి సుప్రీంకోర్టు తన తీర్పులకు తానే వరుస సంఖ్య ఇస్తున్నది. దానిలో సంవత్సరం తరువాత ఐ.ఎన్.ఎస్.సి. అనే అక్షరాలు, ఆ తరువాత సంఖ్య ఉంటాయి. ఏ ప్రచురణకర్త పుస్తకమైనా, కంప్యూటర్‌లోనైనా ఆ సంఖ్యతో తీర్పు దొరుకుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. సంపుటాల్లో తీర్పుకు ముందు చిన్న అక్షరాలతో సారాంశం ఉంటుంది. దాన్ని హెడ్‌నోట్ అంటారు. అది రాసింది న్యాయమూర్తి కాదు, సంపాదకుడు. అది చదివి ఆగిపోకూడదు. లోపలి పేరాలు చదవాలి. చట్టాలను, తీర్పులను జిరాక్స్ తీసుకోవడానికి సంకోచించనక్కర్లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వాటిని తిరిగి ముద్రించుకునే వెసులుబాటు కల్పించింది.

పాత పుస్తకం చేసే అపకారం

ఇంట్లో తాతగారి కాలపు చట్టం పుస్తకం ఉంటే అదే ప్రమాణం అనుకునేవారిని చాలామందిని చూశాను. ఒక ఉదాహరణ చెబుతాను.

కర్ణాటకలో స్థిరపడిన కుటుంబానికి చెందిన ఒక పెద్దావిడ మా గ్రంథాలయానికి వచ్చారు. పుట్టింటివారి భూమి అనంతపురం జిల్లాలో ఉంది. తండ్రి చనిపోయి చాలా ఏళ్లయింది, పంపకాలు కాలేదు. ఆవిడ పెళ్లి 1980లో జరిగింది. అన్నదమ్ములు హక్కు విడుదల దస్తావేజు తెచ్చి, "నీకు ఎలాగూ హక్కు లేదమ్మా, ఊరికే లాంఛనం" అన్నారట. వారు మోసం చేయడానికి అలా అనలేదు. వారి దగ్గర ఉన్న పాత పుస్తకంలో అలాగే ఉంది.

అసలు 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు తండ్రి భాగంలో వాటాయే తప్ప పుట్టుకతో వచ్చే హక్కు లేదు. ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి 1985 సెప్టెంబరు 5 నుంచి కుమార్తెలకు కుమారులతో సమానంగా హక్కు ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవారికి అది వర్తించదు. కాబట్టి ఈ రెండవ పుస్తకం చూసినా ఆవిడకు హక్కు లేదనే కనిపిస్తుంది. తరువాత 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ చట్టం వచ్చింది. పెళ్లి అయిందా లేదా అన్న తేడా లేకుండా కుమార్తెకు పుట్టుకతోనే హక్కు ఉంటుందని అది చెప్పింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న సందేహం చాలాకాలం నడిచింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో అక్కర్లేదని తేల్చింది. ఆ తీర్పు (2020) 9 ఎస్.సి.సి. 1లో ఉంది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో పూర్తయిన పంపకాలు, అప్పటికే జరిగిపోయిన అమ్మకాలు కదలవు.

ఒకే ప్రశ్నకు మూడు కాలాల్లో మూడు జవాబులు. ఆవిడ ముందు నాలుగు కాగితాలు పెట్టాము: 1956 పాఠం, రాష్ట్ర సవరణ, 2005 సవరణ, 2020 తీర్పు. సంతకం పెట్టమని గాని, పెట్టవద్దని గాని మేము చెప్పలేదు. అది మా పని కాదు. ఆవిడ వాటి నకళ్లు తీసుకుని, వకీలును కలిసి, తరువాత అన్నదమ్ములతో మాట్లాడుకుంటానని వెళ్లారు. అన్నదమ్ముల మీద ప్రేమతో ఒక ఆడపిల్ల తన భాగం వదులుకోవచ్చు, అది ఆమె ఇష్టం. కాని తెలియక పెట్టే సంతకం వేరు, తెలిసి పెట్టే సంతకం వేరు.

మన సంఘంలో ఇటువంటి సవరణల తేదీలు మరీ ముఖ్యం. ఇదే విషయంలో తమిళనాడు సవరణ 1989 మార్చి 25 నుంచి, మహారాష్ట్ర సవరణ 1994 జూన్ 22 నుంచి, కర్ణాటక సవరణ 1994 జులై 30 నుంచి అమలయ్యాయి. యానాం సంగతి ఇంకొక విధం. అది న్యాయపరంగా భారతదేశంలో కలిసింది 1962 ఆగస్టు 16న. మన చట్టాలు అనేకం 1963 నాటి రెగ్యులేషన్ ద్వారా, 1968 నాటి చట్టం ద్వారా అక్కడికి విస్తరించాయి. ఫ్రెంచి పాలనలో తమ ఆచార న్యాయాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర న్యాయానికి ఒప్పుకున్న కుటుంబాలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదని ఆ చట్టంలోనే రాసి ఉంది. మన కుటుంబాలు ఒక రాష్ట్రంలో ఉంటాయి, ఆస్తి మరొక రాష్ట్రంలో ఉంటుంది. ఏ రాష్ట్రపు సవరణ చూడాలో తెలియకపోతే పుస్తకం చేతిలో ఉండి కూడా పొరపడతాము.

అలాగని పాత పుస్తకాలను పారేయకూడదు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి ఇప్పటికీ 1860 నాటి శిక్షాస్మృతినే చూడాలి. బళ్లారి 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. గంజాం 1936లో ఒడిశాకు వెళ్లింది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఈ ప్రాంతాల్లో మన పూర్వీకులు చాలామంది ఎక్కడికీ కదలలేదు, సరిహద్దే కదిలింది. అక్కడి పాత భూముల తగాదాలో ఆనాటి మద్రాసు చట్టం అవసరమవుతుంది. అది బజారులో దొరకదు, గ్రంథాలయంలో దొరుకుతుంది.

విద్యార్థులు తప్పక చూడవలసిన తీర్పు

ఇందాక 1990 నాటి ఒక తీర్పు చిరునామా చెప్పాను. దాన్ని కావాలనే చెప్పాను. అది ఒక తెలుగు విద్యార్థి కథ. ఆ అబ్బాయి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టాడు. వారి సముదాయం అక్కడ షెడ్యూల్డు తెగల జాబితాలో ఉంది. తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్లగా, చిన్నతనంలోనే ఈ అబ్బాయి కూడా వెళ్లాడు. అక్కడే చదివి, మెడికల్ కాలేజీలో షెడ్యూల్డు తెగల కోటాలో సీటుకు దరఖాస్తు చేశాడు. సీటు ఇవ్వలేదు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాజ్యాంగంలోని 341, 342 అధికరణాలను పరిశీలించింది. ఆ జాబితాలు "ఆ రాష్ట్రానికి సంబంధించి" చేసినవని, ఒక రాష్ట్రంలోని హోదా వలస వెళ్లినవారి వెంట మరొక రాష్ట్రానికి రాదని తీర్పు చెప్పింది. 1994లో, మళ్లీ 2018లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనాలు దీన్నే నిలబెట్టాయి. ఆ తీర్పులు (1994) 5 ఎస్.సి.సి. 244లో, (2018) 10 ఎస్.సి.సి. 312లో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం అఖిల భారత స్థాయిలో జరిపే నియామకాల సంగతి వేరని 2018 తీర్పులో చూడవచ్చు.

ఈ తీర్పు మంచిదా కాదా అని నేను ఇక్కడ చర్చించడం లేదు. మన పిల్లలకు దీని వల్ల వచ్చే చిక్కు ఏమిటో చెబుతున్నాను. స్వగ్రామం నుంచి తెచ్చిన సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. కౌన్సెలింగు రోజున అది చెల్లదంటారు. అప్పటికి సాధారణ కోటాలో దరఖాస్తు చేసుకునే గడువు దాటిపోయి ఉంటుంది. ఏడాది చదువు పోతుంది. ఇంటర్ చదువుతుండగానే ఈ సంగతి తెలిస్తే, తమ సముదాయం ఈ రాష్ట్రపు జాబితాలో ఉందా లేదా, ఉంటే తమ కుటుంబం ఏ తేదీ నుంచి ఇక్కడ ఉన్నట్టు చూపాలి అని ముందే వెతుక్కోవచ్చు.

ఆ తేదీలు కూడా చట్టం పుస్తకాల్లో, ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉంటాయి. మహారాష్ట్రను చూడండి. అక్కడ షెడ్యూల్డు కులాలకు 1950 ఆగస్టు 10, షెడ్యూల్డు తెగలకు 1950 సెప్టెంబరు 6, విముక్త జాతులకు, సంచార తెగలకు 1961 నవంబరు 21, ఇతర వెనుకబడిన వర్గాలకు 1967 అక్టోబరు 13 ప్రమాణ తేదీలు. ఆ తేదీకి కుటుంబం ఆ రాష్ట్రంలోనే నివసిస్తున్నదని చూపాలి. మహారాష్ట్రలో 2001 నాటి 23వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం రుజువు చేసుకోవలసిన బాధ్యత దరఖాస్తుదారుడిదే. షోలాపూర్‌లో నాలుగు తరాలుగా మగ్గం నేస్తున్నామని నోటితో చెబితే సరిపోదు. ముత్తాతగారి బడి రిజిస్టరు నకలు, మున్సిపాలిటీ పన్ను రసీదు, జనన మరణ రిజిస్టరు, పాత దస్తావేజు వంటివి కావాలి. అందుకే ట్రంకుపెట్టె అడుగున ఉన్న కాగితాలను చెదలు పట్టనివ్వవద్దని పెద్దలను కోరుతున్నాను. అవి మీ మనుమల సీట్లు.

ఎక్కడికి వెళ్లాలి?

హైకోర్టుల్లో, జిల్లా కోర్టుల్లో ఉండే గ్రంథాలయాలు ఎక్కువగా న్యాయమూర్తుల కోసం, బార్ అసోసియేషన్ సభ్యుల కోసం ఉంటాయి. వాటిలోకి సామాన్యులకు నేరుగా ప్రవేశం ఉండకపోవచ్చు. దానికి నిరాశపడనక్కర్లేదు.

చెన్నై ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం 1896 నుంచి ఉంది. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం దేశంలో ప్రచురించే ప్రతి పుస్తకం ఒక్కొక్క ప్రతి నాలుగు గ్రంథాలయాలకు చేరాలి. వాటిలో కన్నెమరా ఒకటి. ముంబయిలోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మరొకటి. మిగతా రెండు కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయం, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. చట్టం పుస్తకాలు కూడా ఈ ఏర్పాటులో భాగమే. బెంగళూరువారికి కబ్బన్ పార్కులో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. భువనేశ్వర్‌లో హరేకృష్ణ మహతాబ్ రాష్ట్ర గ్రంథాలయం ఉంది. పుదుచ్చేరిలో 1827 నాటి రోమా రోలా గ్రంథాలయం ఉంది. లా కాలేజీ ఉన్న ఊళ్లలో దాని గ్రంథాలయంలో కూర్చుని చదువుకోవడానికి అనుమతి ఇస్తారేమో ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టి అడగవచ్చు. మర్యాదగా అడిగితే కాదనేవారు తక్కువ.

పెద్ద ఊళ్లకు దూరంగా ఉన్నవారికి ఇప్పుడు ఫోనులోనే చాలా దొరుకుతున్నాయి. ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో కేంద్ర చట్టాలు, రాష్ట్రాల చట్టాలు ఉచితంగా చదువుకోవచ్చు. సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఈ-ఎస్.సి.ఆర్. పేరుతో తన తీర్పుల సంపుటాలను ఉచితంగా అందుబాటులో పెట్టింది. కోర్టులో కేసు ఉన్నవారు ఈ-కోర్ట్స్ సేవల్లో తమ కేసుకు ఇచ్చిన పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు కొట్టి వాయిదా ఎప్పుడో, ఏ ఉత్తర్వు వచ్చిందో చూసుకోవచ్చు. వాయిదా తేదీ కోసం గుమాస్తా చుట్టూ తిరగనక్కర్లేదు.

లైబ్రేరియన్‌ను ఏమి అడగాలి, ఏమి అడగకూడదు?

"నా కేసు గెలుస్తానా?" అని మమ్మల్ని చాలామంది అడిగేవారు. ఆ ప్రశ్నకు లైబ్రేరియన్ జవాబు చెప్పకూడదు. పుస్తకం ఎక్కడుందో చెబుతాడు, వాడే పద్ధతి చూపుతాడు, తరువాత సవరణ వచ్చిందేమో చూసి పెడతాడు. మీకు ఏది మంచిదో చెప్పడం వకీలు పని. ఈ గీత దాటని లైబ్రేరియనే మంచి లైబ్రేరియన్.

వెళ్లేటప్పుడు విషయం ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఏ రాష్ట్రంలో జరిగింది, ఏ తేదీన జరిగింది, చేతిలో ఏ కాగితం ఉంది – ఈ మూడూ ఉంటే పుస్తకం త్వరగా దొరుకుతుంది. ముఖ్యంగా తేదీ. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం డిమాండు ప్రోనోటు మీద దావా వేయడానికి రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఆ లోపల కొంత బాకీ కట్టించుకుని నోటు వెనుక చెల్లు రాయించుకుంటే అక్కడ నుంచి కొత్త గడువు మొదలవుతుంది. మనవాళ్లలో చేబదుళ్లు, ప్రోనోట్లు ఎక్కువ. మొహమాటంతో మూడేళ్లు దాటనిచ్చి, తరువాత న్యాయం లేదని వాపోతే ప్రయోజనం లేదు.

పుస్తకం చదివాక వకీలు అవసరమని తేలితే, ఫీజుకు స్తోమత లేదని ఆగవద్దు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలవారు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది, అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. యానాంవారికి హైకోర్టు చెన్నైలో ఉంది. అంత దూరం ప్రయాణం పెట్టుకునే ముందు ఈ ఫోను చేయడం మంచిది.

వైద్యుడి దగ్గర, వకీలు దగ్గర దాపరికం పనికిరాదంటారు. చట్టం చదువుకుని వెళ్లినవారు వకీలుతో సూటిగా మాట్లాడగలుగుతారు. తెలివి చూపించుకోవడానికి కాదు, ఆయన అడిగిన కాగితం ఎందుకు అడుగుతున్నాడో అర్థం చేసుకోవడానికి.

భాష సంగతి

మనకు ఇంకొక అడ్డుగోడ ఉంది. కేంద్ర చట్టాలు ఇంగ్లీషులో ఉంటాయి. తాలూకా ఆఫీసు నోటీసు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వస్తుంది. ఇంట్లో అమ్మకు, నాయనమ్మకు వచ్చినది తెలుగు. నోటీసు అందాక చదివి చెప్పేవారు లేక పది రోజులు గూట్లో పడి ఉన్న సందర్భాలు అందరికీ తెలిసినవే.

దీనికి కూడా కొన్ని సాధనాలున్నాయి. రాజ్యాంగం తెలుగు ప్రతి కేంద్ర ప్రభుత్వ శాసన విభాగం వెబ్‌సైటులో ఉంది. సుప్రీంకోర్టు తన తీర్పుల్లో కొన్నింటిని తెలుగులోకి అనువదించి పెడుతున్నది. అవి విషయం తెలుసుకోవడానికే, ప్రమాణం మాత్రం ఇంగ్లీషు తీర్పే. రాజ్యాంగంలో 29, 30, 350, 350ఎ, 350బి అధికరణాలు భాషా అల్పసంఖ్యాకులకు సంబంధించినవి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు గురించి 350ఎ చెబుతుంది. భాషాపరంగా ఎవరు అల్పసంఖ్యాకులో రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించాలని 2002లో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం టి.ఎం.ఎ. పై ఫౌండేషన్ కేసులో చెప్పింది. ఆ లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అధిక సంఖ్యాకులమైన మనం ఇక్కడ అల్పసంఖ్యాకులం. మన భాష బడుల గురించి అర్జీ పెట్టేటప్పుడు ఈ అంకెలు వేసి పెట్టిన అర్జీకి, ఊరికే బతిమాలుతూ పెట్టిన అర్జీకి తేడా ఉంటుంది.

పిల్లలూ, ఇప్పుడు మీతో రెండు మాటలు. ఈ సభలో కూర్చున్న మీలో చాలామందికి మూడు భాషలు వచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో ఈ రాష్ట్ర భాష, కాలేజీలో ఇంగ్లీషు. ఈ మూడూ వచ్చినవాడు ఒక పేటకంతా పెద్ద ఆస్తి. మీరందరూ లా చదవాలని నేను అనడం లేదు. ఇంజనీరు కండి, నర్సు కండి, టీచరు కండి. ఏది చదివినా, మీ వీధిలో ఎవరికైనా నోటీసు వస్తే ఆ రోజే చదివి తెలుగులో చెప్పండి. దానిలో ఉన్న సెక్షన్ ఏమిటో ఇండియా కోడ్‌లో తీసి చూపండి. మీకు అర్థం కానిది అర్థమైనట్టు చెప్పవద్దు. గ్రంథాలయానికో, న్యాయసేవల కేంద్రానికో తీసుకుని వెళ్లండి.

ట్రస్టు పెద్దలకు కూడా ఒక చిన్న విన్నపం. మన కార్యాలయంలో ఒక బీరువా కేటాయించండి. తెలుగు రాజ్యాంగం ఒక ప్రతి, వారసత్వం, కాలపరిమితి, సమాచార హక్కు, న్యాయసేవల చట్టాల బేర్ యాక్ట్‌లు, ఈ రాష్ట్రపు కులాల, తెగల జాబితాలు అందులో ఉంచండి. ప్రతి పుస్తకం అట్ట మీద అది ఏ సంవత్సరపు ముద్రణో పెద్ద అక్షరాలతో రాయండి. ఏటా జనవరిలో ఒక విద్యార్థికి వాటిని సరిచూసే పని అప్పగించండి: ఏ చట్టం మారింది, ఏ పుస్తకం పాతబడింది అని. పాతబడినదాన్ని తీసేయకండి, "పాతది" అని చీటీ అంటించి కింద అరలో పెట్టండి. ఖర్చు కొద్ది వేలే. ఆదివారం రెండు గంటలు తెరిచి ఉంచితే చాలు. దరఖాస్తు గడువుకు ఆరు నెలల ముందు ఒక పిల్లవాడు ఆ జాబితాలో తన సముదాయం పేరు వెతుక్కున్నా ఆ ఖర్చు గిట్టినట్టే.